స్లైడు చూశారా?

పోయిన వర్షాకాలం ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. మా వీధి చివరింటాయన. "బాబాయిగారూ, మా అమ్మాయికి ప్లేట్‌లెట్లు ముప్పై రెండు వేలే ఉన్నాయంట. పొద్దున్నే పిత్తాశయంలో రాళ్లకి ఆపరేషన్ పెట్టుకున్నాం. ఇప్పుడు ఆపేశారు. ముందు ఎస్‌డీపీ, అదే ఒకే దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్లు, రెండు ప్యాకెట్లు తెచ్చుకోమంటున్నారు. రక్తమిచ్చే వాళ్లెవరైనా మీకు తెలుసా?" అన్నాడు. గొంతు వణుకుతోంది.

నేను దాతల సంగతి ఎత్తలేదు. మూడు మాటలు అడిగాను. పిల్ల ఒంటి మీద ఎర్రచుక్కలు గానీ కమిలిన మచ్చలు గానీ ఉన్నాయా? చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం వస్తోందా? స్లైడు చూశారా?

మొదటి రెంటికీ లేదన్నాడు. మూడోది ఆయనకు అర్థం కాలేదు. ల్యాబుకి వెళ్లి అడిగి మళ్లీ ఫోను చేశాడు. "మెషిన్ ఇచ్చిన రిపోర్టండీ, ఇంక స్లైడెందుకు" అన్నాడట అక్కడి కుర్రాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై అయిదేళ్లు ఆసుపత్రి ల్యాబులో రక్తం లెక్కపెట్టినవాణ్ణి. స్లైడెందుకు అనే మాట నా చెవిన పడే రోజు వస్తుందని అనుకోలేదు.

నేను ఉద్యోగంలో చేరింది 1977లో. అప్పుడు ప్లేట్‌లెట్ కౌంట్ అంటే పూటంతా పని. రక్తం తీసుకునే సీసాలు కూడా మేమే తయారు చేసుకునేవాళ్లం. వార్డులో ఖాళీ అయిన పెన్సిలిన్ సీసాలు తెచ్చి, కడిగి, ఆరబెట్టి, గడ్డకట్టకుండా మందు కొలిచి వేసి, వరసగా పెట్టుకునేవాళ్లం. డిస్టిల్డ్ వాటర్‌లో నూటికి ఒక పాలు అమ్మోనియం ఆక్సలేట్ కరిగించి, వడగట్టి, ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లం. వడగట్టడంలో బద్ధకిస్తే అంతే సంగతులు. అందులో మిగిలిన దుమ్ము నలుసు కూడా మైక్రోస్కోపు కింద చూస్తే ప్లేట్‌లెట్ లాగే మెరుస్తుంది. మూడు నలుసులు తప్పు లెక్కపెడితే రోగికి మూడు వేలు పెరిగినట్టే.

ఎర్రపూస ఉండే పిపెట్‌లోకి ఒకటో గీత దాకా రక్తం, నూటొకటో గీత దాకా ఆ ద్రావణం పీల్చాలి. అంటే రక్తాన్ని నూరు వంతులు పలచన చేసినట్టు. ఆక్సలేట్ ఎర్రకణాల్ని కరిగించేస్తుంది, ప్లేట్‌లెట్లు మిగులుతాయి. బాగా కలిపి, మొదటి నాలుగు చుక్కలు పారేసి, న్యూబార్ చాంబర్ నింపాలి. తడి దూది పరిచిన పెట్రీ డిష్‌లో దాన్ని మూతపెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు కదపకుండా వదిలేయాలి. అప్పటికి గానీ ప్లేట్‌లెట్లు అడుక్కి దిగవు. తడి లేకపోతే చాంబర్ ఎండిపోయి మొత్తం పాడవుతుంది.

తర్వాత మైక్రోస్కోపు. పెద్ద కాలేజీల్లో ఫేజ్ కాంట్రాస్ట్ ఉండేది. మాకు మామూలుదే. కండెన్సర్ బాగా కిందికి దించి, వెలుతురు తగ్గించి చూస్తే అప్పుడు కనిపించేవి, సన్నటి మెరుపు చుక్కల్లా. చాంబర్ మధ్యలో ఒక చదరపు మిల్లీమీటరు, అందులో ఇరవై అయిదు గళ్లు. అన్నీ లెక్కపెట్టాలి. వచ్చిన అంకెను వెయ్యితో హెచ్చవేయాలి. పలచన చేసినందుకు నూరు, చాంబర్ లోతు మిల్లీమీటరులో పదో వంతు కాబట్టి పది. 210 కనిపిస్తే రెండు లక్షల పదివేలు. రెండు పక్కలా లెక్కపెట్టి, రెంటికీ పొంతన లేకపోతే మళ్లీ మొదటికి.

అక్కడితో అయిపోయేది కాదు. అదే రక్తంతో స్లైడు గీసి, లీష్మన్ స్టెయిన్ వేసి, చుక్క నూనె పెట్టి, నూరో లెన్సు కింద పది ఫీల్డులు చూడాలి. ఒక్కో ఫీల్డుకి సగటున ఎన్ని ప్లేట్‌లెట్లు కనిపిస్తే దాన్ని పదిహేను వేలతో హెచ్చవేస్తే సుమారు లెక్క వస్తుంది. చాంబర్‌లో రెండు లక్షల పదివేలు వచ్చిందంటే స్లైడులో ఫీల్డుకి పద్నాలుగు దగ్గర కనిపించాలి. మూడో నాలుగో కనిపిస్తే ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. మా పెథాలజీ మేడంగారు రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు కలం ఎత్తి పట్టుకుని ఒకటే మాట అడిగేవారు: "ఏమయ్యా, స్లైడు చూశావా?" చూశానంటే, "ఇలా తే" అని తనూ చూసేవారు. ఆ తర్వాత రిపోర్టు అడుగున తన చేత్తో ఒక వాక్యం రాసేవారు. ప్లేట్‌లెట్లు స్లైడులో సరిపడా ఉన్నాయనో, తగ్గాయనో, గుంపులు కట్టాయనో. అంకె కింద ఆ వాక్యం లేకుండా మా ల్యాబు నుంచి కాగితం బయటికి పోలేదు.

ఇవాళ ప్లేట్‌లెట్ అనే మాట తెలియని ఇల్లు లేదు. అది ఏమిటో తెలిసిన ఇల్లు మాత్రం కనపడదు. మా పాఠ్యపుస్తకాల్లో రక్తఫలకికలు అనేవారు. అసలు అది పూర్తి కణం కాదు, కణం తునక. మూలుగలో మెగాకార్యోసైట్ అనే భారీ కణం ఉంటుంది. అది రక్తనాళంలోకి చేతులు చాపినట్టు చాపి, ఆ చేతుల్ని తునకలుగా తెంపి వదులుతుంది. ఒక్కో పెద్ద కణం నుంచి వెయ్యికి పైనే పుడతాయి. అడ్డం రెండు మూడు మైక్రాన్లు. లోపల కేంద్రకం ఉండదు. ఆయుష్షు వారం నుంచి పది రోజులు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగు లక్షలు ఉంటాయి. మూడో వంతు ఎప్పుడూ ప్లీహంలో నిలవ ఉంటాయి. మన పల్లెల్లో కడుపులో బల్ల పెరిగిందంటారే, ఆ ప్లీహం పెరిగితే ఇంకా ఎక్కువ అక్కడే చిక్కుకుని రక్తంలో తగ్గిపోతాయి.

వాటి పనిని మొదట కళ్లారా చూసి చెప్పినవాడు ఇటలీలోని టురిన్ నగరపు డాక్టర్ బిజొజెరో, 1882లో. బతికున్న జంతువు రక్తనాళానికి గాయం చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఈ తునకలు పరుగున వచ్చి గాయం దగ్గర అతుక్కోవడం చూశాడు. అవి మూలుగలోని పెద్ద కణాల నుంచి పుడతాయని 1906లో తేల్చినవాడు బోస్టన్ డాక్టర్ రైట్, అదీ తను తయారు చేసుకున్న స్టెయిన్‌తో, స్లైడు చూసే. మెషిన్లు లేని కాలంలో ఈ శాస్త్రమంతా కన్ను కట్టిన ఇల్లు.

గాయమైన చోట నాళం గోడ చిరిగితే రక్తంలోని వాన్ విల్లిబ్రాండ్ అనే ప్రోటీన్ ఆ చిరుగుకు పట్టుకుంటుంది. ప్లేట్‌లెట్ దాన్ని పట్టుకుని ఆగుతుంది. ఆగగానే ఆకారం మారి, ముళ్లు మొలిచినట్టయి, తన సంచుల్లోని రసాయనాలు బయటికి వదిలి మిగతా ప్లేట్‌లెట్లను పిలుస్తుంది. అవి ఒకదానితో ఒకటి చేతులు కలుపుకుని బిరడా కడతాయి. ఆ బిరడా మీద ఫైబ్రిన్ దారాలు అల్లుకుంటాయి. గుండెకని వేసుకునే ఆస్పిరిన్ మాత్ర ఆ పిలుపును అణచేస్తుంది. కేంద్రకం లేదు కాబట్టి ప్లేట్‌లెట్ కొత్త ఎంజైమ్ తయారు చేసుకోలేదు. అది చనిపోయి కొత్తది పుట్టేదాకా ఆ మందు ప్రభావం పోదు. అందుకే పన్ను పీకించుకునేవాళ్లను కూడా ఆస్పిరిన్ వాడుతున్నారా అని అడుగుతారు. డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు మింగకూడదనేదీ ఇందుకే. అడక్కుండానే మందుల షాపులో ఇస్తున్నారు, మనం మింగుతున్నాం.

ఇక మెషిన్ సంగతి. మెషిన్ మీద నాకు పగ లేదు. అమెరికాలో వాలెస్ కూల్టర్ అనే ఆయన 1953లో పేటెంట్ పొందిన ఉపాయం అది. ఉప్పునీటిలో కలిపిన రక్తాన్ని సన్నటి రంధ్రం గుండా పంపిస్తారు. ఆ రంధ్రం గుండా కరెంటు పారుతుంటుంది. ఒక్కో కణం దాటేటప్పుడు కరెంటుకు అడ్డుపడుతుంది. కణం ఎంత పెద్దదైతే అడ్డు అంత పెద్దది. చాలా మెషిన్లు 2 నుంచి 20 ఫెమ్టోలీటర్ల మధ్య ఉన్నదాన్ని ప్లేట్‌లెట్ కింద రాసుకుంటాయి. ఎర్రకణం 80 నుంచి 100 ఉంటుంది. ఒక్క నిమిషంలో మెషిన్ వేల కణాలు లెక్కపెడుతుంది. మేం చాంబర్‌లో చూసేది రెండు వందలు. అందుకే చేతి లెక్కలో నూటికి పది నుంచి పాతిక దాకా తేడా రావడం మామూలే. ఈ విషయంలో మెషిన్ మా కంటే మేలు. ఒప్పుకుంటాను.

కానీ దానికి తెలిసింది పరిమాణం ఒక్కటే. ఎదురుగా వచ్చింది ఏమిటో దానికి తెలియదు. ప్లేట్‌లెట్లు పది కలిసి గుంపుగా వస్తే పెద్దగా ఉందని లెక్కలోంచి తీసేస్తుంది. ఎర్రకణం ముక్కలైతే ఆ ముక్కల్ని ప్లేట్‌లెట్లుగా కలిపేస్తుంది. ఒళ్లు బాగా కాలిన రోగుల రక్తంలో ఇలా జరుగుతుంది. కౌంట్ బాగుందని నిబ్బరంగా ఉంటాం, నిజంగా ప్లేట్‌లెట్లు ఉండవు. కొందరికి పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు పెద్దవి. బెంగాల్ వైపు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే చాలామందికి కౌంట్ తక్కువ, ప్లేట్‌లెట్లు పెద్దవి, రక్తస్రావం మాత్రం ఉండదు. ఈ సంగతి తెలియకపోతే బతుకంతా లేని జబ్బుకు మందు మింగాలి. మెషిన్ తనకు అనుమానం వస్తే గుర్తు పెట్టి చెబుతుంది కూడా. స్లైడు చూసుకోమనే దాని అర్థం. ఆ గుర్తును చూసీ చూడనట్టు ప్రింటు కొట్టేస్తున్నారు. నా ఫిర్యాదు మెషిన్ మీద కాదు, దాని మాట కూడా వినని మనుషుల మీద.

మా వీధి అమ్మాయికి జరిగింది ఇదే. మర్నాడు పొద్దున్నే నాకు తెలిసిన చిన్న ల్యాబుకి తీసుకెళ్లాను. ఊదా మూత ట్యూబులో ఒకటి, లేత నీలం మూత ట్యూబులో ఒకటి రక్తం తీయించాను. ఊదా మూతలో ఈడీటీఏ అనే మందు ఉంటుంది. వెయ్యిమందిలో ఒకరికి అటూఇటూగా ఆ మందు తగిలితేనే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఒంట్లో కాదు, ట్యూబులోనే. నీలం మూతలో ఉండేది సిట్రేట్. ఊదా ట్యూబు రక్తంతో స్లైడు గీసి, నేనే స్టెయిన్ వేసి చూశాను. స్లైడు చివరన, పూత పలచబడే అంచులో, గంపలు బోర్లించినట్టు గుంపులు గుంపులుగా ప్లేట్‌లెట్లు. నీలం ట్యూబుది మెషిన్‌లో పెడితే 2,18,000. సిట్రేట్ ద్రావణం తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు కలుస్తుంది కాబట్టి 1.1తో హెచ్చవేయాలి. రెండు లక్షల నలభై వేలకు రెండొందలు తక్కువ. పిల్లకి ఏ లోపమూ లేదు. రాత్రంతా ఆ తండ్రి రక్తదాతల కోసం ఊరంతా తిరిగాడు. ఎవరో ఒక పుణ్యాత్ముడు రెండు గంటలు మెషిన్ దగ్గర పడుకుని ఇచ్చే ప్లేట్‌లెట్లు, ఏ అవసరమూ లేని పిల్ల ఒంట్లోకి ఎక్కేవి. ఎక్కించాక మళ్లీ ఊదా ట్యూబులోనే రక్తం తీసి, ఇంకా తక్కువే ఉన్నాయనేవాళ్లు.

స్లైడు అబద్ధాన్ని పట్టుకోవడమే కాదు, నిజం ఎంత పెద్దదో కూడా చెబుతుంది. ఎనభైల్లో ఒక నాలుగేళ్ల పిల్లాణ్ణి తెచ్చారు. కాళ్ల నిండా దోమకుట్టినట్టు ఎర్రచుక్కలు. వేలితో నొక్కినా మాయం కావడం లేదు. చాంబర్‌లో ఎనిమిది వేలు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మేడంగారు స్లైడు పెట్టారు. గుంపులు లేవు, కౌంట్ నిజంగానే తక్కువ. ఉన్న ఒకటీ అరా ప్లేట్‌లెట్లు పెద్దవిగా ఉన్నాయి. ఎర్రకణాలు బాగున్నాయి, తెల్లకణాలు బాగున్నాయి, బ్లాస్టులు, అంటే పక్వం కాని తెల్లకణాలు, లేవు. ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే ప్లేట్‌లెట్లను చంపేస్తున్నాయన్న మాట, ఐటీపీ. పిల్లల్లో ఇది ఏదో వైరస్ జ్వరం వచ్చిపోయిన కొద్ది రోజులకు వస్తుంది, చాలామందికి ఆరు నెలల్లోపే తగ్గిపోతుంది. అదే స్లైడులో బ్లాస్టులు కనిపించి ఉంటే లుకేమియా. రెంటిలోనూ అంకె ఎనిమిది వేలే కావచ్చు. ఒక తల్లికి చెప్పాల్సిన మాట మాత్రం వేరు. మేడంగారు స్లైడు దించి, బయటికి వెళ్లి, ఆ తల్లి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడటం నేను చూశాను.

ఇంకో పిల్ల. కౌంట్ రెండున్నర లక్షలు, నిక్షేపంగా ఉంది. అయినా పన్ను ఊడినా, ముక్కు చీదినా రక్తం ఆగదు. తల్లిదండ్రులది మేనరికం. మేడంగారు వేలు గుచ్చి, ట్యూబు లేకుండా, మందు తగలకుండా నేరుగా స్లైడు గీయమన్నారు. మామూలు మనిషి రక్తమైతే అలా గీసిన స్లైడులో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టాలి. ఆ పిల్లవి ఒక్కటొక్కటిగా దూరందూరంగా ఉన్నాయి. రక్తాన్ని గాజు ట్యూబులో పోసి 37 డిగ్రీల నీళ్లలో పెడితే, గడ్డ కట్టింది గానీ గంట దాటినా అది ముడుచుకోలేదు. గ్లాంజ్‌మన్ జబ్బు. ప్లేట్‌లెట్లకు ఒకదాన్నొకటి పట్టుకునే చేతులే ఉండవు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపం వస్తేనే వస్తుంది. దగ్గరి చుట్టరికాల్లో పెళ్లిళ్లు చేసుకునే మన ప్రాంతాల్లో దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఒకరికి గుంపులు కట్టడం లేని జబ్బును చూపించింది. ఇంకొకరికి గుంపులు కట్టకపోవడం ఉన్న జబ్బును చూపించింది. రెండూ స్లైడులో తెలిసినవే.

ఇప్పుడు వానలు పడితే చాలు, ఊరంతా డెంగీ, ఊరంతా కౌంట్లు. పూటకోసారి రక్తం. పొద్దున ఒక ల్యాబులో తొంభై వేలు, సాయంత్రం ఇంకో ల్యాబులో డెబ్భై వేలు అనగానే ఇంట్లో ఏడుపులు. వేరు వేరు మెషిన్ల మధ్య ఆ మాత్రం తేడా వస్తుందని చెప్పేవాడు లేడు. బొప్పాయి ఆకు రసం, కివీ పండ్లు, ఫోన్లలో మెసేజీలు. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా ప్లేట్‌లెట్ తగ్గడం కాదు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. అది జ్వరం దిగే రోజుల్లోనే జరుగుతుంది. జ్వరం తగ్గిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకునే సమయమే అసలు గండం. నీరు కారిపోతే రక్తం చిక్కబడుతుంది, పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల పాలు, పెరుగుతుంది. మేం సన్న గాజు గొట్టంలో రక్తం నింపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, స్కేలు పెట్టి చూసిన పరీక్ష అది. ఈనాటి రిపోర్టులో అది హెమటోక్రిట్ పేరుతో ప్లేట్‌లెట్‌కి నాలుగు వరసల పైనే ఉంటుంది. దాని వంక చూసే కన్ను లేదు. కడుపునొప్పి, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, చేతులు కాళ్లు చల్లబడటం, వీటిని చూడాలి. రక్తస్రావం లేకపోతే పదివేల కిందికి దిగేదాకా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. జబ్బు తగ్గుముఖం పడితే మూలుగ వాటిని తనంతట తనే తయారు చేసుకుంటుంది.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది మరొకటి ఉంది. జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ అనగానే డెంగీ అని రాసేయడం. మన్యం నుంచి వచ్చిన ఒక కూలీకి అలాగే రాశారు. కౌంట్ నలభై వేలు. మూడు రోజులు సెలైన్లు ఎక్కించారు. మా దగ్గరికి వచ్చాక స్లైడు పెడితే ఎర్రకణాల్లో ఉంగరాలు, ఫాల్సిపారమ్ మలేరియా. మలేరియా కూడా ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది. దానికి మందుంది, ఆలస్యమైతే మెదడుకెక్కుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మైక్రోస్కోపు ముందు కూర్చునే. ఆ గడ్డ మీద పుట్టిన మనం మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి పెడుతున్నాం.

మా రోజులన్నీ మంచివని నేను అనను. రోగి రక్తాన్ని పిపెట్‌లోకి నోటితో పీల్చేవాళ్లం. ఇవాళ తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. లుకేమియా పిల్లలకు ప్లేట్‌లెట్లు దొరక్క కళ్ల ముందే మెదడులో రక్తస్రావమై పోయేవారు. ఇప్పుడు ఒక్క దాత నుంచే ముప్పై నుంచి యాభై వేల దాకా కౌంట్ పెంచేంత ప్లేట్‌లెట్లు తీయగలుగుతున్నారు. దాన్ని మించిన మేలు లేదు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య కదుపుతూ ఉంచినా అయిదు రోజులకు మించి నిలవ ఉండని వస్తువది. అందుకే అంటున్నాను, దాన్ని నిజంగా అవసరమైన బిడ్డకు మిగల్చండని. తప్పుడు అంకె నమ్మి ఒకరికి ఎక్కించిన ప్యాకెట్టు, ఇంకెక్కడో రక్తం కారుతున్న పిల్లాడికి అందదు.

మా వీధి అమ్మాయికి రెండు రోజుల తర్వాత ఆపరేషన్ అయింది. ఒక్క ప్యాకెట్టు కూడా ఎక్కించలేదు. ఈడీటీఏ ట్యూబులో ఈ పిల్ల ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి, సిట్రేట్‌లో చూడండి అని కాగితం మీద రాయించి, పర్సులో ఎప్పుడూ పెట్టుకోమన్నాను. రేపు కాన్పుకి వెళ్లినప్పుడు ఇదే గొడవ మళ్లీ రాకూడదు.

ల్యాబుల్లో పనిచేస్తున్న పిల్లలకు నేను అడిగేది ఒకటే. లక్ష లోపు అంకె వస్తే ప్రింటు కొట్టే ముందు ఒక స్లైడు గీయండి. స్టెయిన్ ఎక్కి, ఆరి, పది ఫీల్డులు చూసేందుకు అరగంట చాలు. చూసింది రిపోర్టు అడుగున ఒక్క వాక్యం రాయండి. రోగి తరఫు వాళ్లూ వింటున్నారు కదా, అంకె వినగానే ఫోను తీసి దాతల కోసం వెతకకండి. ముందు కౌంటరు దగ్గరికి వెళ్లి, మా మేడంగారు ఆ రోజుల్లో నన్ను అడిగిన మాటే అడగండి.